ఇచ్చోడ బావిలో ఆరు గీతలు

హైదరాబాదులో ప్రయోగశాల బల్ల ముందు కూర్చొని, ఇచ్చోడలో ఉన్న నిక్షేపంలాంటి బావిని పూడ్పించిన ఘనుణ్ణి నేను. ఇందులో మరెవరి సహాయమూ లేదని ముందే మనవి చేస్తున్నాను. ఆనాటి రాతలు తిరగేసినప్పుడల్లా, ఆ యువకుడు ఎదురైతే చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. దురదృష్టవశాత్తు ఆ చెవి నాదే.

అరవైల నాటి మాట. ఇచ్చోడలో మా మేనమామ తన పెరట్లో కొత్తగా బావి తవ్వించాడు. నీళ్ళు పడ్డాయి. రాతి ఒర కట్టించేలోపు ఎవరో పుణ్యాత్ములు, ఆ గుట్టల్లో మాంగనీసు రాయి ఉందని, ఆ నీళ్ళు తాగితే నరాలు పడిపోతాయని ఆయన చెవిలో వేశారు. ఒర కట్టించాలా, బావి పూడ్చాలా అన్నది మామ సంకటం. అప్పటిదాకా అత్తమ్మ వాగు నుంచి నీళ్ళు మోస్తూనే ఉంది.

"అల్లుడా, పట్నంల సైన్సు చదువుతున్నవ్ గదా. జర చూసి చెప్పరాదు?" అన్నాడు మామ.

"చూసుడు కాదు మామా, కొలిచి చెప్త. మా కాడికి కొత్త మిషిన్ వచ్చింది."

"ఏదో ఒకటి జల్ది చెప్పు," అన్నది అత్తమ్మ. "బిందె మోసి మోసి నా నడినెత్తి బోడైతున్నది."

ఆ యంత్రం పేరు ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్ స్పెక్ట్రోమీటరు. జతలేని ఎలక్ట్రాన్లున్న పదార్థం చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. దాన్ని పెద్ద అయస్కాంతం నడుమ ఉంచి సూక్ష్మతరంగాలు పంపితే, తగిన అయస్కాంత బలం దగ్గర ఆ తరంగాలను కొంత మింగుతుంది. ఆ మింగుడును ఒక కలం కాగితం మీద గీస్తుంది. నీళ్ళలో కరిగిన మాంగనీసయితే వరుసగా ఆరు గీతలు లేస్తాయి. గాఢత తెలిసిన ద్రావణం గీతలతో వాటిని పోల్చితే, తెలియని నీళ్ళలో ఎంత ఉందో తేలుతుంది. యంత్రం అబద్ధమాడదు. దానికి అబద్ధం అందించే పని మనుషులది.

ఆ పని నేను శ్రద్ధగా చేశాను. సీసాలు కరీంనగర్‌లో మా ఇంట్లో స్వయంగా కడిగాను. కలరా రోజులు చూసిన మా బాపుకు పర్మాంగనేటును మించిన గంగాజలం లేదు. ఆకుకూర కడగాలన్నా, గొంతు పుక్కిలించాలన్నా, బావి శుద్ధి చెయ్యాలన్నా ఆ గులాబీరంగు నీళ్ళే. ఆ సంప్రదాయంలో పెరిగినవాణ్ణి కనుక సీసాలను అందులోనే నానబెట్టాను. లోపల సన్నని గోధుమరంగు పొర మిగిలింది. శుచికి రంగు వచ్చిందనుకొన్నాను! తరువాత బావి నీళ్ళు పట్టి, లోహం గాజుకు అంటుకోకుండా పద్ధతి ప్రకారం కొంచెం హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేశాను. పొర కరిగి మాయమైంది. ఆహా, ఎంత శుభ్రమైన పని అని నన్ను నేనే మెచ్చుకొన్నాను.

పర్మాంగనేటులో మాంగనీసు ఉంటుందని హైస్కూలు పిల్లలకు తెలుసు. అయ్యా, నాకూ తెలుసు. తెలిసినదాన్ని అవసరానికి తలచుకోకపోవడమే నా విశేషం.

యంత్రంలో పెట్టగానే ఆరు గీతలు పెళ్ళి ఊరేగింపులో పెట్రోమాక్సు దీపాల్లా లేచాయి. నేను తపాలా కార్యాలయానికి పరుగెత్తి మామకు తంతి ఇచ్చాను: నీళ్ళు తాగవద్దు, బావి పూడ్చండి. ఆ తరువాత, అవును, ఆ తరువాతే, కాగితం తీసుకొని మా ఆచార్యులవారి దగ్గరికి వెళ్ళాను.

"ఖాళీ సీసా కొలిచావా?" అన్నారాయన.

"ఖాళీ సీసాలో ఏముంటుంది సార్?"

"అది తెలియడానికే కొలుస్తారు. సీసాలు దేనితో కడిగావు?"

గర్వంగా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకొని, నన్ను కొత్తగా చూశారు.

"అలా కడిగి, వాడకుండా మిగిలిన సీసా ఉందా? అందులో స్వేదనజలం, ఆమ్లం పోసి పెట్టు."

పెట్టాను. అవే ఆరు గీతలు. ఎత్తు కూడా అంతే.

"బావిలో మాంగనీసు లేదు నాయనా. నీ సీసాలో ఉంది."

"సార్, తంతి ఇచ్చేశాను."

"ఆ తొందరను కొలిచే యంత్రం మన దగ్గర లేదు."

ఆపమని మరో తంతి కొట్టి బస్సెక్కాను. నిర్మల్ దాటి ఘాటు రోడ్డు ఎక్కలేక బస్సు పొగలు కక్కింది. నేను అంతకన్నా ఎక్కువ కక్కాను. తీరా ఇచ్చోడలో దిగేసరికి రెండో తంతి ఇంకా రాలేదు. జన్మలో ఎవరి మాటా వినని మా మామ, ఆ ఒక్కసారి విన్నాడు. బావి ఉన్నచోట నిలబడి మట్టిని కాళ్ళతో చదును చేస్తున్నాడు.

"మామా, ఆగు! నీళ్ళు మంచియే!"

"మొన్న ఖరాబన్న మిషిన్ ఇయ్యాల మంచియంటదా?"

"మిషిన్‌ది తప్పు లేదు. సీసాలది."

"సీసాలు కడిగిందెవలు?"

నేను గుట్టల వైపు చూశాను.

"గుట్టల దిక్కు ఏం జూస్తవ్? అవి కడిగినయా?"

అత్తమ్మ బిందె కింద పెట్టి, లోపలికి పోయి, పార తెచ్చి నా చేతిలో పెట్టింది.

మామ, నేను తవ్వడం మొదలుపెట్టాం. అరచేతులు బొబ్బలెక్కాయి. పట్నం సైంటిస్టు బావి తవ్వుతున్నాడని జనం వచ్చి చూసి పోయారు. ఒక మధ్యాహ్నం గుంతలోంచి తలెత్తి, "మామా, నిలువు లోతు దాటినట్టున్నది. టేపు ఉంటె జర కొలుద్దుము," అన్నాను.

పైనుంచి మామ గొంతు వచ్చింది. "నువ్వు కొలువకు అల్లుడా, తవ్వు."

నీళ్ళు పడ్డాయి. అత్తమ్మ ముంత నింపి ముందు నాకే ఇచ్చింది. "తాగు. నరాలు వడిపోతె ముందుగాల నీయే వడిపోనీ."

తాగాను. పడిపోలేదు. అప్పుడే, ఆ తడిమట్టి మీద నిలబడి, సర్వలోహాల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఖాళీ సీసాను కొలవనిదే నిండు సీసా గురించి నోరు విప్పను. గురువుగారికి చూపనిదే తపాలా కార్యాలయం గడప తొక్కను. ఈ నియమం తప్పితే మళ్ళీ తవ్వవలసింది నేనే కనుక, ఈనాటి వరకు తప్పలేదు.