ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు, రెండు టైర్ల కోసం

ఈ ఉదయం బండి తుడుస్తుంటే వెనక టైరు గాడిలో ఒక మేకపెంటిక నలగకుండా కనిపించింది. ఆ టైరు మొత్తం మీద గాడి అనదగ్గది మిగిలింది ఆ ఒక్కచోటే. తక్కినదంతా పలకలా నున్నబడిపోయింది. వానాకాలంలో రెండుసార్లు పడ్డాను. ఈ నెలలో పంచర్ల వల్ల ఎన్నిసార్లు బడికి ఆలస్యమయ్యానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అందుకే ఆదివారం పూట ఆత్మకూరు బయలుదేరాను. సగం తారు, సగం మట్టి ఉన్న దారిలో రోజూ బండి నడిపేవాళ్ళకు పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను.

నాది ఉదయగిరికి అవతల ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఏకోపాధ్యాయ పాఠశాల. పద్నాలుగు కిలోమీటర్లు తారు, ఆ తర్వాత ఐదు కిలోమీటర్లు గరుసుబాట, అంటే గులకరాళ్ళ మట్టిదారి. బస్సు తారు వదిలి లోపలికి రాదు. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది కాబట్టి నేను వెళ్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఆలస్యమైతే పిల్లలు మెట్ల మీద కూర్చుని ఉంటారు, తల్లిదండ్రులు చూస్తారు. పోయిన నెల ఒకామె నా ముందే అనేసింది: "పదింటికి బడి తెరిస్తే పిల్లోళ్ళ చదువు ఏం కావాలమ్మా? ఆ వ్యానుకే పంపించుకుంటాంలే." ప్రైవేటు స్కూలు వ్యాను ఇప్పుడు ఊళ్ళోకే వస్తోంది. పిల్లలందరూ అందులో ఎక్కేస్తే బడి మూతపడుతుంది. వచ్చే వారం ఒంటిపూట బడులు మొదలవుతాయి. అప్పుడు ఎనిమిదిలోపే తలుపు తెరవాలి.

ఉదయగిరిలో టైర్లు దొరకవని కాదు. నా బండి సైజులో దొరికేది ఒకటే రకం. ఆత్మకూరులో నాలుగైదు దుకాణాలున్నాయి, ఆదివారం మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటాయి. దూరం యాభై కిలోమీటర్ల పైచిలుకు. ఆరున్నరకు బయలుదేరితే ఎనిమిది దాటాక చేరాను. టైర్లు అరిగి ఉన్నవాళ్ళు నాలాగే నెమ్మదిగా వెళ్ళడం మంచిది. దారిలో ఒక పూరింట్లో ఎర్రకారం దోసెలు రెండు తిన్నాను. దోసెలు పోస్తున్న అవ్వ నా హెల్మెట్ కేసి చూసి, "ఒక్కదానివే వచ్చినావా? మీ ఇంట్లో ఏమనరా?" అంది. "అంటారు అవ్వా" అన్నాను. అవ్వ ఇంకో దోసె వేసింది, వద్దన్నా వినలేదు.

దుకాణంలో యజమాని నన్ను చూసి నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని వీధిలోకి చూశాడు. "నాయన రాలేదా మేడం?"

"లేదండీ. ఉదయగిరి నుంచి నేనే వచ్చాను."

"బండి తోలేది?"

"నేనే."

"అట్టయితే బటన్ టైరు ఏయించుకో. మీ ఉదయగిరి కోట మీదికి కూడా ఎక్కిపోతాది." బటన్ టైరంటే ఒంటినిండా ఎత్తైన రబ్బరు దిమ్మెలున్నది.

పక్కన పాలక్యాన్ల బండాయన పంచరు వేయించుకుంటున్నాడు. "కోట మీద ఆ పాపకేం పని అన్నా? తారు మీద ఆ టైరు బర్రె అరిచినట్టు అరుస్తాది. నేను ఏయించుకుని అనుభవించినాను గదా."

"అరిచింది టైరు గాదురా, నీ ఒట్టి క్యాన్లు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను రాత్రుళ్ళు కూర్చుని టైర్ల గురించి దొరికిందల్లా చదివి వచ్చాను. అయినా అడిగితే తప్ప నోరు తెరవకూడదని కాన్వెంటులో నేర్పిన అలవాటు ఇలాంటిచోటే అడ్డుపడుతుంది. చివరికి అడిగాను: "నడుమ పట్టీలా ఉండి, పక్కల దిమ్మెలున్నది కావాలండీ. తారుకీ మట్టికీ రెండిటికీ పనికొచ్చేది."

"ఉండాది. చదువుకుని వచ్చినట్టుండావే!" అంటూ లోపల్నించి తెచ్చాడు. ముందు చక్రానికి నిలువు గాడులున్నది తీసుకున్నాను, తారు మీద తిన్నగా పోతుందని. ట్యూబ్‌లెస్ అడిగితే నా బండికున్న స్పోకు పుల్లల చక్రాలకు సరిపడదన్నాడు. టైర్లు, ట్యూబులు, బిగింపు అన్నీ కలిపి నాలుగున్నర వేల దాకా అయింది. గంటలో పని పూర్తయింది.

తిరుగు ప్రయాణంలో బండి తేలిగ్గా నడిచింది. మలుపుల్లో భయం వేయలేదు. మధ్యాహ్నం ఉదయగిరి చేరాక ఇంటికి పోకుండా, సోమవారానికి ముందే ఒకసారి చూసుకుందామని బడిదారి పట్టాను. గరుసులో వెనక చక్రం ఒక్కసారి కూడా జారలేదు. సరైనవే ఎంచుకున్నానని మొదటి రెండు కిలోమీటర్లూ సంతోషపడ్డాను. మూడో కిలోమీటరులో బండి వెనక భాగం మెత్తగా ఊగింది. దిగి చూస్తే గాలి లేదు.

దారి నిండా తుమ్మముళ్ళు. ఎదురుగా గొర్రెల కాపరి ఒకాయన పెద్ద ముళ్ళకంపను తాడుకట్టి ఈడ్చుకుంటూ వస్తున్నాడు. మా వైపు కోతలయ్యాక రైతులు ఎరువు కోసం పొలంలో గొర్రెలమందను ఉంచుకుంటారు. రాత్రిళ్ళు మంద చుట్టూ కంప పేరుస్తారు. నాలుగు రోజులకు మంద ఇంకో పొలానికి మారుతుంది, కంప కూడా దాని వెంటే పోతుంది. ఈడ్చిన మేరా ముళ్ళు రాలుతాయి.

"ఏంది టీచరమ్మా, ఆదివారం గూడా బడేనా?"

"కాదు. కొత్త టైర్లు వేయించాను, చూసుకుందామని."

ఆయన వంగి చూశాడు. "అయ్యో. కొత్తదానికే దిగినాదే!"

"కంప బండిలో వేసుకుని పోకూడదా?"

"ఎవురి బండిలో? కంపకు బాడుగ ఎవురిస్తారమ్మా? ఉండే దోవ ఇదొకటే గదా." తర్వాత కాలు ఎత్తి చెప్పు చూపించాడు. "ఇదిగో, లారీ టైరుతో కుట్టించింది. ఏ ముల్లూ దిగదు. నీ బండిక్కూడా ఇదే ఏయించుకోగూడదా?" తన మాటకు తనే నవ్వి, కంప ఈడ్చుకుంటూ పోయాడు. నాకు కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది.

తారురోడ్డు దాకా బండి తోసుకుంటూ వచ్చాను. అక్కడ పాల ఆటోవాళ్ళు నన్నూ బండినీ ఎక్కించుకున్నారు. ఉదయగిరిలో పంచరు వేసే అతను మూడు ముళ్ళు తీసి నా చేతిలో పెట్టాడు. మూడూ దిమ్మెల మధ్య రబ్బరు పలచగా ఉన్నచోటే దిగాయి.

ఇన్ని రోజులూ నేను బురద గురించి, గరుసు గురించి చదివాను. రోజూ ముళ్ళమీదుగానే పోతూ, పంచరైన ప్రతిసారీ పాత టైరునే తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టుకోవడానికి అదీ లేదు. ఈ దారికి సరిపోయే టైరు ఉందో లేదో నాకు తెలియదు. ఉంటుందన్న నమ్మకం ఈ సాయంత్రం నాలో లేదు. మంద ఇంకో పొలానికి మారుతుంది, నేను ఇంకోసారి ఆలస్యంగా చేరుకుంటాను, తల్లిదండ్రులు ఇంకోసారి చూస్తారు. రేపు ఒక గంట ముందు బయలుదేరతాను. అంతకుమించి చేయగలిగింది తోచడం లేదు.

ఇలాంటి దారిలో తిరిగేవాళ్ళకు ఒకటే చెప్పగలను. టైరు కొనేముందు మీ మట్టిబాటలో ఒకసారి కాలినడకన వెళ్ళి, నేల మీద ఏముందో చూసుకోండి. ముళ్ళుంటే గాడుల తీరు చూడటం మాని, మందమైన ట్యూబు వేయించుకుని, ఇంకో ట్యూబూ చేతిపంపూ వెంట ఉంచుకోండి.

మా బడిలో ఇప్పుడు ఇద్దరే ఉన్నారు, ఒక అక్కా తమ్ముడూ.