ఎవాంజెలిన్ దాచిన ఒక్క లైను

బొమ్మసంద్రలో వాహనాల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో ఎవాంజెలిన్ హాజరు గుమస్తా. పదమూడేళ్ళుగా అదే కిటికీ, అదే కుర్చీ. ఐదొందల మంది పేర్లు రోజూ ఒక షీటులోంచి ఇంకో షీటులోకి ఎక్కించీ ఎక్కించీ విసుగెత్తి, ఆ పని దానంతటదే జరిగేలా కోడ్ రాయడం సొంతంగా నేర్చుకుంది. నేర్చుకున్నది నలుగురికీ పనికొస్తుందని 'సులువు పని' అనే వెబ్‌సైట్ పెట్టింది. షీటులో పేర్లు, అడ్రసులు ఉంటే చాలు, ఒక్కొక్కరికీ వాళ్ళ పేరుతో మెయిల్ వెళ్ళిపోయే కోడ్ ఒకటి అందులో ఉంది. టీచర్లు, చర్చి సెక్రటరీలు, చిన్న ఆఫీసులవాళ్ళు దాన్ని కాపీ చేసుకుని వాడుకునేవాళ్ళు. వాళ్ళు రాసే థాంక్స్‌లు తన తల్లి సుగుణమ్మకు చదివి వినిపించేది. నంద్యాల నుంచి నర్సుగా వచ్చి, ముప్పై ఏళ్ళు ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరైన మనిషి సుగుణమ్మ. కోడ్ అంటే ఏమిటో తెలియకపోయినా తృప్తిగా వినేది.

పోయినేడు అదంతా చెడింది. వాళ్ళ చర్చిలోనే ఉండే జాయ్ అనే నర్సుకు ఒక మెయిల్ వచ్చింది. పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయమైంది, ఫలానా రోజు అత్తిబెలెకు వచ్చి చేరమని. జాయ్ ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి వెళ్ళింది. ఆ అడ్రసులో తాళం వేసిన గోడౌను కనిపించింది. తిరిగొచ్చి ఏడుస్తూ ఫోన్ చూపించింది. మెయిలంతా ఇంగ్లీషు. మొదటి లైను మాత్రం తెలుగులో, 'గౌరవనీయులైన మిత్రమా' అని ఉంది.

ఎవాంజెలిన్ ఆ లైను గుర్తుపట్టింది. షీటులో పేరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంటే ఆ మాట పడేలా కోడ్ రాసింది తనే. మోసగాళ్ళెవరో ఆమె కోడ్‌ను చదవనైనా చదవకుండా వాడేశారు. వాళ్ళెవరో ఇప్పటికీ తెలియదు.

ఆనాటి నుంచి ఎవరు థాంక్స్ చెప్పినా ఆమెకు ముళ్ళలా గుచ్చుకునేది. 'చాలా ఉపయోగపడింది మేడం' అని ఎవరైనా రాస్తే, దేనికి ఉపయోగపడిందో అనుకునేది. రాసినవాళ్ళ పేర్లు వెతికేది, ఫొటోలు వెతికేది, దొరక్కపోతే ఒక కాగితం మీద రాసిపెట్టుకునేది.

అట్లాంటి రోజుల్లో అభిజిత్ అనే అతను రాశాడు. రోజూ ఉదయం ఏడింటికి అరవై మందికి మెయిల్ పంపాలి, ఎట్లా అని. చెప్పింది. నాలుగు రోజులకు, ఒకరి అడ్రసు ఇంకొకరికి కనబడకూడదు అన్నాడు. సరే, అదీ న్యాయమే. వారం తిరక్కముందే మళ్ళీ రాశాడు. సబ్జెక్టులో ఏమీ ఉండకూడదట. పంపిన మెయిల్ కాపీ తమ కంప్యూటర్లో మిగలకూడదట.

పంపినట్టు ఆనవాలు ఎందుకు లేకుండా చేయాలి? అతని మెయిల్ అడ్రసు కొత్తది. ఫొటో లేదు. 'మీది ఏ సంస్థ?' అని అడిగింది. 'చెప్పలేను మేడం, క్షమించండి' అని జవాబొచ్చింది.

"వీడు దొంగేనమ్మా," అంది తల్లితో.

"నువ్వు చూసినావా పాపా? సుమ్మనే అనుమానం పడితే ఎట్ల?" అంది సుగుణమ్మ. "ఇష్టం లేకపోతే ఇయ్యొద్దు. అంతే గదా."

ఇవ్వకుండా ఊరుకుంటే వాడు ఇంకెక్కడో తెచ్చుకుంటాడు, ఇంకో జాయ్ మోసపోతుంది. ఆమెకు ఆ ఆలోచన తప్ప ఇంకేదీ తోచలేదు. అతనడిగిన కోడ్ అంతా రాసింది. మధ్యలో ఎవరూ గమనించని చోట ఒక్క లైను చేర్చింది. అతను పంపే ప్రతి మెయిలూ రహస్యంగా తనకూ ఒక కాపీ వచ్చేలా.

మర్నాడు ఉదయం ఏడింటికి, కాఫీ చల్లారుతుండగా, అరవై మూడు మెయిళ్ళు వరసగా వచ్చి పడ్డాయి. దొరికాడు అనుకుని మొదటిది తెరిచింది. 'రాత్రి మాత్ర వేసుకున్నారా? డబ్బాలో ఎన్ని మిగిలాయో రాయండి. గురువారం సీడీ4 పరీక్షకు తప్పక రండి.' రెండోది, మూడోది, అన్నీ అట్లాంటివే. ఉద్యోగమూ లేదు, ఎర కూడా లేదు. పేర్లు, మాత్రలు, తారీఖులు. అయినా ఆమె చదవడం ఆపలేదు. ఎక్కడో మోసం ఉంటుందని ఇరవై దాకా చదివింది.

ఇరవై ఒకటోది గురప్పకు వెళ్ళింది. ఆ అడ్రసు ఆమెకు బాగా తెలుసు. ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే గురప్పకు జీతం చీటీ మెయిల్లో రావడం కోసం రెండేళ్ళ కింద తనే చేసిచ్చింది.

"అమ్మా, సీడీ4 అంటే ఏంటి?"

సుగుణమ్మ చేతిలో కూరగాయల కత్తి ఆగిపోయింది. "హెచ్ఐవి ఉండేవాళ్ళకు చేసే పరీక్ష. ఎవురికి?"

ఎవాంజెలిన్ ఇన్‌బాక్సు వైపు తిరిగింది. మెయిళ్ళన్నీ చెరిపేసింది. చదివింది మాత్రం చెరిగిపోయేది కాదు. ఆ రోజు సెలవు పెట్టి, అభిజిత్‌కు ఫోన్ నంబరు అడుగుతూ రాసి, నేరుగా చెప్పాల్సిన విషయముందని ఫోన్లో బతిమాలి అడ్రసు తెలుసుకుని, మధ్యాహ్నానికి బళేపేట వెళ్ళింది. గాజుల దుకాణం మీద మేడ. బోర్డు లేని చిన్న క్లినిక్. అభిజిత్ అక్కడ కౌన్సెలర్. పాతికేళ్ళుంటాయేమో, కళ్ళ కింద నలుపు. ఫోనుకు మెసేజ్ పెడితే ఇంట్లోవాళ్ళ కంట పడుతుందని, మెయిలైతే వాళ్ళొక్కరే చూసుకుంటారని, క్లినిక్ కంప్యూటర్ నలుగురూ వాడేది కాబట్టి కాపీ ఉండకూడదన్నానని, ఆమె ఏమీ అనకముందే అమాయకంగా చెప్పుకుపోయాడు.

ఆమె కూర్చోకుండానే తను చేసింది చెప్పింది.

అతను కంప్యూటర్ వైపు తిరిగాడు. "ఎందుకు మేడం?"

"మిమ్మల్ని దొంగ అనుకున్నాను."

"డౌట్ ఉంటే కోడ్ ఇవ్వకుండా ఉండాల్సింది. ఫస్ట్ మెయిల్ చదివాకైనా ఆపాల్సింది. ఎన్ని చదివారు?"

"ఇరవై ఒకటి."

అతని కళ్ళెదుటే ఆ లైను తీసేసింది. వెళ్ళబోతుంటే అతనన్నాడు, "అరవై మూడు మందికీ ఈ సంగతి చెప్తాను. చెప్పకపోతే నేనూ మీలాగే దాచినట్టు."

"నా పేరు కూడా చెప్పండి," అంది ఎవాంజెలిన్.

పద్దెనిమిది మంది మెయిళ్ళు వద్దన్నారు. అభిజిత్ మళ్ళీ వాళ్ళకు ఒక్కొక్కరికీ చాటుగా ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. క్లినిక్ పేరు లేకుండా, తను చేసిన పని మాత్రం ఆమె వెబ్‌సైట్లో దాచకుండా రాసింది. మాకిచ్చిన కోడ్‌లో ఏం దాచావు అని ఉత్తరాలొచ్చాయి. అన్నిటికీ జవాబులిచ్చింది. ప్రతి కోడ్ కింద ఏ లైను ఏం చేస్తుందో తెలుగులో విడమరిచి రాయడం మొదలుపెట్టింది. థాంక్స్‌లు రావడం దాదాపు ఆగిపోయింది.

రెండు వారాలకు, షిఫ్టు మారే వేళ గురప్ప కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మేడమ్మా, ఆ కోడు నీదేనంట గదా."

"నాదే గురప్పా. తప్పు చేసినాను."

"ఎవురికన్నా చెప్పినావా?"

"లేదు. మా అమ్మకు కూడా నీ పేరు చెప్పలేదు."

"నేనెట్లా నమ్మేది?"

 నమ్మమని అడిగే మొహం తనకు లేదు. గురప్ప కార్డు గీకి లోపలికి పోయాడు.

ఇప్పటికీ అతను అదే షిఫ్టుకు వస్తాడు. కిటికీలోంచి ఆమె వైపు ఒకసారి, ఆమె ఎవరితోనైనా మాట్లాడుతుంటే వాళ్ళ వైపు ఒకసారి చూసి పోతాడు. ఆమె తల దించుకోదు. చూడనిస్తుంది.