సుభద్ర మేడమ్ ఉన్న గది

ఈ వానలకు కోదాడలో నేను పనిచేసే బడిలో సామాన్ల గది గోడ చెమ్మ పట్టింది. తాళం తీయగానే తడిసిన సున్నం వాసన గుప్పున కొట్టింది. సూర్యాపేటలో నేను డిగ్రీ చదివినప్పటి ఆడపిల్లల హాస్టల్ వాసన అది. నాకు వెంటనే సుభద్ర మేడమ్ గుర్తొచ్చారు. ఆ హాస్టల్ తలపుకొస్తే ఆమె రాకుండా ఉండరు.

అనంతగిరి దగ్గరి మా తండా నుంచి డిగ్రీకి వచ్చిన మొదటి ఆడపిల్లను నేను. ఇంట్లో మేం మాట్లాడేది లంబాడీ. తెలుగులో నోరు విప్పితే ఎవరైనా నవ్వుతారేమోనని, ఏమడిగినా తలూపి ఊరుకునేదాన్ని. హాస్టల్ ఎలా ఉందని నాయన ఫోన్ చేసినప్పుడల్లా బాగుందనే చెప్పేదాన్ని. బాగాలేదంటే తెల్లారే వచ్చి తీసుకుపోతాడని భయం. అందరి పరిస్థితీ అదే. గోడల వెంట నీళ్లు కారేవి. బాత్‌రూమ్ తలుపుకు గొళ్లెం లేక, ఒకరు స్నానం చేస్తుంటే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడేవాళ్లం. ఇంటికి మాత్రం ఎవరమూ ఒక్క మాట చేరనిచ్చేవాళ్లం కాదు.

సుభద్ర మేడమ్ మాకు బాటనీ చెప్పేవారు. రోజూ మిర్యాలగూడ నుంచి బస్సులో వచ్చి పోయేవారు. హాస్టల్ బాధ్యత అందరూ వద్దంటే చివరికి ఆమెకు అంటగట్టారు. నిజం చెప్పాలంటే మొదట్లో ఆమె మీద మాకు పెద్ద నమ్మకం ఉండేది కాదు. సాయంత్రం వచ్చి, వరండా చివరిదాకా నడిచి, "అంతా బాగేనా?" అని అడిగి, బస్సు పోతుందంటూ హడావిడిగా వెళ్లిపోయేవారు. మేమూ బాగే అనేవాళ్లం.

నా పక్క మంచం యాదమ్మది. ఒక పొద్దున ఆమె జడ వేసుకుంటుండగా పైనుంచి స్లాబు పెచ్చు ఊడి భుజం మీద పడింది. ఎముక విరిగింది. మేడమ్ బస్సు దిగి నేరుగా దవాఖానకు వచ్చారు. హుజూర్‌నగర్ అవతలి ఊరి నుంచి యాదమ్మ నాయన లింగయ్య వచ్చాడు. గొర్లు కాసుకునే మనిషి. కూతురి కట్టును వేళ్లతో మెల్లగా తడిమి చూశాడు.

"తీస్కపోత మేడమ్" అన్నాడు. "సదువు లేకున్నా బతుకుతం. పిల్లే లేకపోతే ఏం జేసుకుంటం?"

"తీస్కపో లింగయ్యా, వద్దనను. గది మంచిగైనంక మళ్ల తోల్కొస్తవా?"

"మంచిగైతే సూద్దాం. గానీ ఎవలు జేస్తరు?"

మేడమ్ ముఖం అంత చిన్నబోవడం నేను అంతకుముందు చూడలేదు.

మర్నాడు ఆమె మిర్యాలగూడ నుంచి పరుపు చుట్టతో, ట్రంకు పెట్టెతో దిగారు. మమ్మల్ని వేరే గదుల్లోకి సర్ది, ఇనుప చువ్వలు బయటపడ్డ ఆ గదిలో తన మంచం వేయించుకున్నారు. ప్రిన్సిపాల్ గారు ఆయాసపడుతూ వచ్చారు.

"ఇదేం పని మేడమ్? మీకేమన్నా అయితే ఎవరు బాధ్యులు?"

"ఆ మాట పిల్లలున్నప్పుడు ఎందుకు రాలేదు సార్?"

ఆయన వచ్చిన దారినే వెళ్లిపోయారు. మేడమ్ మాతోపాటు అదే పప్పు తిన్నారు, అదే బాత్‌రూమ్ ముందు బకెట్ పట్టుకుని వరుసలో నిలబడ్డారు. తలుపు పట్టుకోవడం నా వంతు వచ్చిన రోజున ఆమె సిగ్గుతో నా వైపు చూడలేదు. లెక్చరరమ్మ పెచ్చులూడే హాస్టల్ గదిలో మంచం వేసుకుని పడుకుంటోందన్న సంగతి ఊరంతా పాకింది. కొన్ని వారాలకు పైనుంచి ఒక అధికారి వచ్చారు.

ఆయన రాకముందు మేడమ్ నన్ను పిలిచి, "నువ్వే చెప్పాలె" అన్నారు.

"నాకు రాదు మేడమ్."

"నేను విసుగొస్తే ఇంటికి పోతా. చదువుకోవాలంటే నీకు ఇంకెక్కడికి పోయే దారి లేదు. గందుకే నువ్వు చెప్పాలె. మాటల్ల తప్పొచ్చినా ఏం కాదు, ఆగకు."

అధికారి ముందు నిలబడ్డాను. పైకప్పు గురించి చెప్పాలనుకున్నాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"మేము మధ్యాహ్నం దాటినంక నీళ్లు తాగం సార్."

"ఎందుకమ్మా?"

"పొద్దుగూకితే బాత్‌రూమ్‌ల లైట్ ఉండది సార్. తలుపుకు గొళ్లెం లేదు. అటు పోవాలంటే భయం."

ఎవరూ నవ్వలేదు. ఆయన కళ్లద్దాలు తీసి, "ఇంకా చెప్పు" అన్నారు. నేను చెప్పాను. ఎక్కడ ఆపాలో తెలియనంతగా చెప్పాను. గోడకు ఆనుకుని నిలబడ్డ మేడమ్ ఒక్కసారి కూడా నా మాటకు అడ్డు రాలేదు.

అన్నీ బాగుపడ్డాయని అనను. తిండి అలాగే ఉండిపోయింది. కానీ బాత్‌రూమ్‌లకు తలుపులు, లైట్లు వచ్చాయి. మమ్మల్ని కొన్నాళ్లు కిరాయి ఇంట్లో ఉంచి స్లాబు కొత్తగా పోశారు. పని అయిపోయాక లింగయ్య ముందు ఒక్కడే వచ్చాడు. చెప్పులు విడిచి మంచం మీదికెక్కి, చేతికర్రతో పైకప్పును మూల మూలనా పొడిచి చూశాడు. దిగాక మేడమ్‌కు దండం పెట్టి, "రేపు తోల్కొస్త" అన్నాడు. యాదమ్మ చేయి పూర్తిగా పైకి లేవదు, కానీ మాతోపాటే డిగ్రీ పూర్తి చేసింది.

చాలా ఏళ్ల తర్వాత మేడమ్ మంచాన పడ్డారని తెలిసి మిర్యాలగూడ వెళ్లాను. చిక్కి సగమయ్యారు. నా ఉద్యోగం గురించి, పిల్లల గురించి అడుగుతారనుకున్నాను.

"మన హాస్టల్ ఎట్లుంది ఇప్పుడు?" అని అడిగారు.

"తెల్వదు మేడమ్. మళ్ల అటు పోలేదు."

"కోదాడ నుంచి ఎంత దూరమని?" అన్నారు, అంతే. కోపంగా కాదు.

ఆ చలికాలంలోనే ఆమె పోయారు. కర్మకాండ ముగిసిన తర్వాతి ఆదివారం నేను సూర్యాపేటలో బస్సు దిగి హాస్టల్‌కు నడిచాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"ఏ పిల్ల కోసం వచ్చిన్రు మేడమ్?"

ఎవరి పేరు చెప్పాలో నాకు తెలియలేదు. "అందరి కోసం" అన్నాను. ఆయన వింతగా చూసి గేటు తీశాడు. అప్పటి నుంచి వీలైనప్పుడల్లా పోతూనే ఉన్నాను.