అగ్గిపుల్లంత మనిషి

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో, ఒక మధ్యాహ్నం ఆదోని స్టేషన్లో నా పక్కన కూర్చున్న ముసలాయన అట్టముక్కలతో అదే స్టేషన్‌ను బొమ్మంతగా కడుతున్నాడు. ఇంట్లో కీ ఇస్తే తిరిగే రేకు రైలుందట, దానికోసమట.

"రోంత ఆ తలుపు కాడ నిలబడప్పా. నీ ఎత్తు చూసి తలుపు కోస్తా."

వెళ్ళి నిలబడ్డాను. "మనవళ్ళకా పెద్దాయనా?"

"నాకెవురూ లేరప్పా. ఇంట్లో ఆ రేకు రైలు వస్తాది, పోతాది. దానికోసం ఎదురుచూసేటోళ్ళే లేరు."

అంతలో నా రైలొచ్చింది. ఆయన గబగబా ఒక అగ్గిపుల్ల తుంచి, తుమ్మబంకతో అట్ట తలుపు ముందు నిలబెట్టాడు.

"ఇది నువ్వు. ఇంక పోయిరా."

ఆ తర్వాత ఎన్నో ఊళ్ళలో రైలు దిగాను. నాకోసం ఎవరూ ఎదురురాలేదు. ఆయన రైలుకు మాత్రం నేను రోజూ ఎదురెళ్ళే ఉంటాను.