రెండు గదుల ఇల్లే చాలంట

ఈ రోజు ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు, మా తమ్ముడింటికి వెళ్లాను. భార్యాభర్తలిద్దరూ టీచర్లు. పిల్లలతో సహా రేపు జాంబియా వెళ్తున్నారు. అక్కడ రెండు ఊర్లలో ఉద్యోగాలొచ్చాయి. ఒక ఊర్లో పెద్ద ఇల్లిస్తారు, ఇంకో ఊర్లో రెండు గదులే.

మరదలి అక్క మరియమ్మకు భర్త లేడు. తననూ తీసుకుపోతామంటే నమ్మి, చాగలమర్రిలో ఆయా పని మానుకుని, వీళ్ల పిల్లల్ని చూసుకోవడానికి వచ్చేసింది.

అన్నం తింటూ, "ఏ ఊర్లో ఉంటార్రా?" అని అడిగాను.

"రెండు గదుల కాడేన్నా. పెద్దిల్లయితే మరియమ్మ వదిన గూడా వస్తానంటాది గదా," అన్నాడు తమ్ముడు. మరియమ్మ పక్కనే పప్పు వడ్డిస్తోంది.

"మరి ఆయమ్మ పనెందుకు మాన్పిస్తివి?"

"మేం పొయ్యేదాకా పిల్లోళ్లను ఎవరు చూస్తారు?"

మరదలు పిల్లలకు అన్నం కలుపుతోంది.

"నేను పెట్టె గూడా సర్దుకుంటినే," అంది మరియమ్మ.

"పెట్టె ఈడ పెట్టిపో వదినా, మాకు పనికొస్తాది."

మరియమ్మ పెట్టె ఖాళీ చేసి ఇచ్చింది. చీరలు మూటగట్టుకుని సాయంత్రం నాతోపాటే బస్సెక్కింది. చాగలమర్రిలో ఆమె పనిలో ఇంకొకరు చేరిపోయారట.

మా వాడు బడిలో చెప్పేది నీతిపాఠాలు. మీరైతే మీ పిల్లల్ని ఆ బడికి పంపుతారా?