చర్చి గోడ వెనక మంచు

క్రాన్‌బాఖ్ ఊళ్లో ఎంత మంచు పడాలో నిర్ణయించేది ఆకాశం కాదు, ఇగ్నాజ్. మీసాలు నల్లగా ఉన్నప్పటి నుంచీ రోజూ పొద్దున్నే మంచు కొలిచి పర్యాటక కార్యాలయానికి చెప్పే పని ఆయనదే. కొలవడానికి చదునైన చోట ఒక పలక వేసి ఉంది. ఆయన దాని జోలికి వెళ్లడు. గాలికి మంచంతా పోగుపడేది చర్చి గోడ వెనక. ఆయన భక్తంతా ఆ గోడ మీదే.

కొండ అవతల ఫాల్క్‌నాఖ్‌లో ఇదే పని బావమరిది అలోయిస్‌ది. పశువుల కొట్టం కప్పు మీంచి జారిపడ్డ మంచును కూడా కలిపి కొలిచే ఘనుడు. స్కీయింగ్‌కి వచ్చే పట్నం జనం ఎక్కడ మంచు ఎక్కువుంటే అక్కడికే పోతారు. అందుకని ఇద్దరూ తమ తమ ఊళ్ల కోసం ఎంతో నిజాయితీగా అబద్ధాలాడేవారు.

ఆ ఏడు కార్నివాల్ వారానికి ఇగ్నాజ్ భార్య క్రెసెంజ్ నడిపే చిన్న బసలో గదులన్నీ ముందే బుక్కయిపోయాయి. ఈ వారం గడిస్తే బస నిలబడుతుంది, లేకపోతే మూతే. పాపం, ఆవిడ తెల్లవారకముందే లేచి పంది మాంసం కుడుములు గుండిగల కొద్దీ ఉడకబెట్టింది.

అప్పుడే ఫోను మోగింది.

"బావా, మాకు నడుం దాకా పడింది. మీ సంగతేంటి?" అన్నాడు అలోయిస్.

"నడుమేనా? అయ్యో పాపం! ఇక్కడ నిలువెత్తురా!" అన్నాడు ఇగ్నాజ్, మోకాలి లోతు మంచును కిటికీలోంచి చూస్తూ. ఆ మాటే కార్యాలయానికీ చెప్పేశాడు.

ఉక్రోషంలో ఆయన మరిచిపోయిందేమిటంటే, ఆ లెక్క దారులు మూసే మంచుచరియల సంఘానికి కూడా వెళ్తుంది. కొండంతా పొగమంచు, పైకొచ్చి చూసే దారి లేదు. వాళ్లు క్రాన్‌బాఖ్ రోడ్డు మూసేశారు. ఫాల్క్‌నాఖ్ రోడ్డు పక్కన మంచు జారిపడే వాలు లేదు కనక, అతిథుల బస్సులు తిన్నగా అటు మళ్లాయి.

ఆ కబురు ఇగ్నాజ్‌కి చేరింది. చర్చి గోడను తప్పించుకుని పలక దగ్గరకు పరుగెత్తి, కొలిచి, సంఘం పెద్ద ఎగ్గర్‌కి ఫోను చేశాడు.

"అయ్యా, మోకాలి లోతే ఉంది. రోడ్డు తెరవండి."

"పొద్దున నిలువెత్తు, ఇప్పుడు మోకాలా? మధ్యలో ఎవరు తినేశారయ్యా?"

"ఒట్టు! ఇప్పుడే కొలిచాను!"

"మీ ఆవిడ బస నిండడానికి జనం ప్రాణాలు తీయమంటావా? ఇన్నేళ్లూ నిజమే చెప్పిన మనిషివి, ఇవాళ అబద్ధానికి దిగుతావా ఇగ్నాజ్?"

ఇగ్నాజ్‌కి ఏడుపొక్కటే తక్కువ. ఫోను పెట్టేసి తిరిగేసరికి వంటింటి గుమ్మంలో క్రెసెంజ్ నిలబడి ఉంది. అంతా విన్నది.

"మా తమ్ముడి మీద గెలిచావు కదా, తృప్తేనా?" అంది. "ఆ నిలువెత్తు మంచులో పూడ్చింది నా బసనయ్యా."