రెండు వేళ్ల మందం పొట్టు

మొన్న కోడుమూరులో మా వీధి మగ్గం పెద్దాయన దినాల భోజనాలకు వెళ్లాను. రెండో పంక్తిలో కూర్చుని, ఆకులో పడిన వేడి భక్ష్యం మీద నెయ్యి పోయించుకుంటూ ఉండగా, వాకిట్లో చెప్పులు విడిచి ఒకాయన లోపలికి వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్లు ఉంటాయి, బెంగుళూరులో గోడలు కట్టే బేల్దారి పని చేస్తాడు. ఎవరినీ పలకరించకుండా నేరుగా వెళ్లి, చక్రాల కుర్చీలో కూర్చున్న పెద్దాయన కొడుకు ముందు నేల మీద కూర్చుని, కదలని ఆ రెండు కాళ్ల మీద తల ఆనించాడు. పంక్తిలో నా పక్కన ఉన్న కొత్తల్లుడు ఒకతను, "ఎవురప్పా ఆయప్ప?" అని అడిగాడు. అవతలి ఆకు ముందున్న ముసలాయన గొంతు తగ్గించనైనా తగ్గించకుండా, "వాడేలేప్పా, బోరు దించినోడు. ఈ పిల్లోని కాళ్లు తీసింది వాడే," అన్నాడు. ఆ మాట అతనికి వినిపించింది, అయినా తల ఎత్తలేదు. నాకూ వినిపించింది. నేను భక్ష్యం తిన్నాను. ఆకు మడిచేదాకా ఏదీ వదలకుండా తిన్నాను.

పాతికేళ్లుగా ఆ పేరు అతని మీద ఉంది. ఆ పేరు అతనిది కాదు. అది ఎవరిదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మిద్దెల మీద యాంటెనాలు పోయి, వీధి వీధినా కరెంటు స్తంభాలకు నల్ల తీగలు వేలాడడం మొదలైన కాలం. మా ఊళ్లో ఆ తీగలు లాగించింది మా మేనమామ. బస్టాండు వెనక కేబుల్ ఆఫీసు, దాని పక్క గదిలోనే గాజులు, రిబ్బన్లు, బంతులు అమ్మే అంగడి. డిగ్రీ తప్పి ఊరికే తిరుగుతున్న నన్ను ఆ రెంటిలోనూ కూర్చోబెట్టాడు. స్తంభాలు ఎక్కడం, సినిమా వేసేటప్పుడు తెర అడుగున పరిగెత్తే ప్రకటనల పట్టీ టైపు చేయడం, అంగట్లో సరుకు సర్దడం నా పనులు. నాకు ఇరవై నాలుగేళ్లు. ఊళ్లో పిల్లలందరికీ నేను అన్నను, ఆ పిలుపు నాకు బాగా నచ్చేది.

అంతకుముందు సంగతి ఒకటి చెప్పాలి. పదహారేళ్ల వయసు నుంచి నేను పీర్ల చావిడి వెనక ఉన్న తాలింఖానాలో నాలుగేళ్లు కుస్తీ నేర్చుకున్నాను. నేర్పిన ముసలాయనను హిందువులూ సాయిబులూ అందరూ ఉస్తాదు తాత అనేవాళ్లు. మజ్జిగ, నూనె, పసుపు కలిపి మగ్గబెట్టిన ఎర్రమన్ను గోదా ఉండేది. రోజూ సాయంత్రం కుస్తీకి దిగేముందు దాన్ని మేమే పారలతో తిరగదవ్వాలి. తవ్వడం అయ్యాక తాత వంగి, వేళ్లు చాపి, మట్టిలోకి చెయ్యి గుచ్చేవాడు. మణికట్టు మునిగితేనే మమ్మల్ని దిగనిచ్చేవాడు. మునగకపోతే మళ్లీ తవ్వాలి. ఎవరైనా ఎదుటివాడి మెడ మీద పట్టు వేస్తే ఆ రోజుకు ఇంటికి పొమ్మనేవాడు. మొదటి రోజు ఆయన నేర్పింది పడేయడం కాదు, పడడం. అందుకే, నాకు తెలియక చేశానని ఈనాడు అనుకునే వీలు నాకు లేదు.

పరదేశాల కుస్తీ ఆట మా కేబులులో వచ్చేది. కండలు తిరిగిన మనుషులు ఇనుప కుర్చీలతో నెత్తిన బాదుకోవడం, నుదురు చీరి నెత్తురు కారడం, తలకిందులుగా ఎత్తి కూలేయడం, ఇవన్నీ పెద్దవాళ్ల కోసమని రాత్రి పొద్దుపోయాక వేసేవాళ్లు. దాన్ని క్యాసెట్లకు ఎక్కించి, బడి వదిలే వేళకు, ఆదివారం తలంట్లు అయ్యే వేళకు మన ఊరి ఛానల్లో వేద్దామన్న ఆలోచన నాది. మా మామది కాదు. ఆటకు ముందు ఇంగ్లీషులో ఒక హెచ్చరిక పడేది, పిల్లలు చూడవద్దని, ఇళ్లల్లో చేయవద్దని. ఆ అక్షరాల మీదికి సరిగ్గా వచ్చేటట్టు మా ప్రకటనల పట్టీని పైకి జరిపింది నేనే. ఏ ప్రకటనో కూడా చెబుతాను: కుస్తీవీరుల బొమ్మల కార్డులు మా అంగట్లో దొరుకును.

కార్డులు పొట్లాలలో వచ్చేవి, పొట్లానికి అయిదు. నేను ఆవిరి పట్టించి పొట్లాలు విప్పి, ఛాంపియన్ బొమ్మ ఉన్న కార్డు తీసి పక్కన పెట్టి, మైదా జిగురుతో మళ్లీ అంటించేవాణ్ణి. పిల్లలు అది దొరికేదాకా కొంటూనే ఉండేవాళ్లు. అవ్వల కొంగుముళ్లు విప్పుకుని వచ్చిన వాళ్లున్నారు, కోడిగుడ్లు నిక్కరు జేబులో పెట్టుకుని వచ్చిన వాళ్లున్నారు. నెత్తురు బొమ్మల పోస్టర్లను పిల్లల కంటి ఎత్తుకు వచ్చేటట్టు కిందికి కట్టేవాణ్ణి. తలకిందులుగా కూలేసే ఆ పట్టుకు తెలుగు పేరు పెట్టిందీ నేనే. మా సీమలో వీధికొక బోరుబండి నిలబడి ఉన్న కరువు రోజులవి. గొట్టాన్ని నిలువునా నేలలోకి దించినట్టుంటుందని దానికి 'బోరు దించడం' అని పేరు పెట్టాను. వారం తిరిగేసరికి బళ్లో ఎక్కడ విన్నా అదే మాట.

ఒకరోజు ఉస్తాదు తాత ఆఫీసుకు వచ్చి గడప అవతలే నిలబడ్డాడు.

"ఏమప్పా, ఆ టీవీలో తలకాయ కిందికి పెట్టి పడేస్తాండారే, ఆడ కింద ఏమేసినారో పిల్లోల్లకు చెప్పినావా?"

"అదంతా నాటకం తాతా, ముందే మాట్లాడుకోనుంటారు," అని నవ్వాను.

"నాటకమని నీకెరిక. వాళ్లకెరికనా?"

మా మామ లోపలి నుంచి, "నీ మన్నుకు గిరాకీ లేదని కుళ్లుకుంటాండావు తాతా. శానా బెంగ పడొద్దు, నీకూ ఒక కార్డు ఇస్తా పో!" అన్నాడు. కూర్చున్న వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. తాత, ఒకప్పుడు తన గోదా తవ్విన నా చేతి వంక ఒకసారి చూసి వెళ్లిపోయాడు. అప్పటికే తాలింఖానాకు పిల్లలు రావడం మానేశారు.

ఆ తర్వాత బెల్టు పోటీ పెట్టాం. పళ్లెమంత బిళ్ల ఉన్న బంగారు రంగు బెల్టును రెండు నెలలు అంగడి ముందు వేలాడదీశాం. కార్డులన్నీ చేర్చి తెచ్చినవాళ్లే పోటీకి అర్హులు. మగ్గం పెద్దాయన కొడుకు పదకొండేళ్లవాడు, బక్కగా ఉండేవాడు. వాడి జతగాడికి పదమూడు. వాడి అమ్మానాయన ఏటా సుగ్గికని ఊళ్లు పట్టుకుని కూలికి పోతే, వాడు అవ్వ దగ్గర ఉండి చదువుకునేవాడు. ఇద్దరి కార్డులూ కలిపితేనే ఒక కట్ట పూర్తయింది. అయితే మీరిద్దరే ఒకరితో ఒకరు తలపడండి అన్నాను. రెండు రోజులు అంగడి వెనక పెద్దవాడికి నడుము పట్టి తలకిందులుగా ఎత్తడం దగ్గరుండి నేర్పాను. చిన్నవాడు ఆ రెండు రోజులూ నవ్వుతూనే ఉన్నాడు.

పోటీ శెనక్కాయల మిల్లు ఆవరణలో. అక్కడ మనిషెత్తు పొట్టు కుప్పలు ఉండేవి, పిల్లలు గోడ ఎక్కి వాటి మీదికి దూకేవాళ్లు. ఆ ధైర్యంతోనే ఆ చోటు చూశాం. శనివారం ఇటుక బట్టీల లారీలు వచ్చి కుప్పలన్నీ ఎత్తుకుపోయాయి. ఆదివారం పొద్దున నేను వెళ్లేసరికి నాపబండలు పరిచిన నేల బయటపడి ఉంది. మూలమూలలా ఊడ్చి, మిగిలిన పొట్టును నాలుగు గుంజల నడుమ పరిచాను. చూపుకు పరుపులాగే ఉంది. పాత అలవాటు కొద్దీ వంగి, వేళ్లు చాపి, చెయ్యి గుచ్చాను. రెండు వేళ్ల మందం. వేలి కొనలకు బండ తగిలింది, చల్లగా.

రెండు వీధుల అవతల ఉస్తాదు తాత గోదాలో బండెడు మెత్తని మన్ను ఉంది. అడిగితే ఇచ్చేవాడు. ఇవ్వడమే కాదు, పార పట్టుకుని తనే వచ్చేవాడు. ఆయన ముందుకు పోయి అడగడానికి నాకు నామోషీ అయింది. అంతే. ఇన్నేళ్లుగా వేరే కారణం వెతుకుతున్నాను, దొరకలేదు.

పిల్లలు మూడు వందల మందికి తక్కువ ఉండరు, గోడల మీద కూడా కూర్చున్నారు. పెద్దలు ఎవరూ లేరు, మా మామ తప్ప. పెద్దవాడు చిన్నవాణ్ణి ఎత్తాడు. తలకిందులుగా వేలాడుతూ, చొక్కా ముఖం మీదికి జారి, వాడు కిలకిలా నవ్వుతున్నాడు. పెద్దవాడు మాత్రం ఎత్తినవాణ్ణి అలాగే పట్టుకుని నా వైపు చూశాడు.

"అన్నా, సాలునా?"

నేను మైకులో, "బోరు దించు!" అన్నాను. మూడు వందల గొంతులు ఆ మాటే అందుకున్నాయి. వాడు దించాడు.

ఎండుపొట్టు లేచి కళ్లకు కమ్మింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. టీవీలో లెక్కపెట్టినట్టే నేను మైకులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. పూర్తిగా మూడూ లెక్కపెట్టాకే వాడి పాదాలు చూశాను. అవి ఎవరో విడిచిన చెప్పుల్లాగ చెరొక వైపుకు పడి ఉన్నాయి.

కర్నూలు తీసుకుపోయారు. ప్రాణం దక్కింది, నడుము కింద ఏమీ మిగలలేదు. సాయంత్రానికి మా మామ గుంజలు పీకించి, పొట్టంతా ఊడ్పించాడు. మర్నాడు మిల్లు ముందు పెద్దలు కూర్చుంటే, బెల్టు ఆశతో ఆ పిల్లోడు మేం చెప్పిన మాట వినకుండా కూలేశాడని చెప్పాడు. నన్ను అడిగారు. మైకులో వద్దు వద్దని అరిచినా వాడు వినలేదని చెప్పాను. అక్కడ నిలబడిన పిల్లలెవ్వరూ నోరు మెదపలేదు. అందరూ దించమని అరిచినవాళ్లే, ఎవరి భయం వాళ్లది. పెద్దవాడి అవ్వ నా గడ్డం పట్టుకుని, "నాయనా, నువ్వు ఆడే ఉంటివి గదా, మావోడు అట్లాంటోడు కాదని చెప్పు నాయనా," అని బతిమాలింది. నేను నేల చూశాను. అప్పుడు ఆమె చింతబరికె తీసుకుని, మగ్గం పెద్దాయన తృప్తి కోసం, అందరి ముందూ మనవణ్ణి తానే కొట్టింది. వాడు ఏడవలేదు. కొట్టినంతసేపూ నా వైపే చూశాడు. ఆ వారమే బడి మాన్పించి సుగ్గికి పంపేశారు.

బెల్టును ఆసుపత్రికి తీసుకుపోయి మంచానికి కట్టి వచ్చింది నేనే. ఆ నెలలో బోరు పట్టు బొమ్మ ఉన్న కార్డుకు గిరాకీ పెరిగింది. అదీ అమ్మాను.

గుంట మగ్గంలో కాళ్లు దించితేనే నేత. ఆ పిల్లవాడు పాతికేళ్లుగా గుంట పక్కన కూర్చుని, తండ్రికి కండెలు చుట్టి ఇచ్చాడు. మొన్న ఆ తండ్రి పోయాడు. భోజనాలు ముగిసి, బంధువులు వెళ్లిపోయాక, ఆ ఇద్దరి ముందూ కూర్చుని పొట్టు సంగతి, మైకు సంగతి, పెద్దల ముందు ఆడిన అబద్ధం, అన్నీ చెప్పాను. కుర్చీలో ఉన్నతనే ముందు మాట్లాడాడు.

"నువ్వు పొట్టులో చెయ్యి పెట్టి చూస్తాంటే నేను గోడ మీది నుంచి చూస్తి అన్నా. నువ్వు చూసినావు గదా, ఇంగేం గాదని నగుతా ఎక్కితి."

రెండో అతను ఎంగిలాకుల గంప ఎత్తుకోబోతూ ఆగాడు.

"మా అవ్వ సచ్చేదాంకా ఈ ఇంటి ముందర తల ఎత్తి నడవలే అన్నా. ఇప్పుడు మాకిద్దరికీ చెప్తే ఏమొస్తాది? ఆ ముసలాయన అన్నప్పుడు పంక్తిలో చెప్పింటే సరిపోతాండె."

ఆ పంక్తి లేచిపోయింది. అందుకే దాన్ని మళ్లీ ఇక్కడ పరుస్తున్నాను. ఊళ్లో ఇకమీదట ఎవరైనా బోరు దించినోడు ఎవరని అడిగితే, దయచేసి బస్టాండు వెనక మా ఇల్లు చూపించండి.

ఇప్పుడు మిల్లు లేదు, క్యాసెట్లు లేవు, ఆ కార్డులు ఏ పెట్టె అడుగునా కనిపించవు. అవే ఆటలు పిల్లల అరచేతుల్లోని ఫోన్లలోకి వచ్చేశాయి. హెచ్చరిక మీద పట్టీ వేయడానికి నాలాంటివాడి అవసరం కూడా లేదు. ఉస్తాదు తాత పోయాక తాలింఖానా కొన్నాళ్లు తలుపు వేసి ఉండి, తర్వాత సెల్‌ఫోన్ల అంగడి అయింది. నిన్న సాయంత్రం ఊరికే అటు నడిచాను. గోదా ఉన్న చోట నున్నని బండలు పరిచి, వాటిని కడిగి తుడిచారు. చీకటి పడేదాకా ఊరంతా తిరిగి చూశాను. మణికట్టు మునిగేంత మెత్తని మన్ను నాకు ఎక్కడా కనిపించలేదు.